కార్తె సామెతా, వరదగుడి సామెతా: వాన విషయంలో దేన్ని నమ్మాలి?

"రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయి", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" ఇవన్నీ క్యాలెండర్ సామెతలు, సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే కార్తె, రోహిణి అంటే సుమారు మే 25 నుంచి జూన్ 7 దాకా, అది దాటగానే మృగశిర, రుతుపవనాలు మన దగ్గరికొచ్చేదీ దాదాపు అప్పుడే కాబట్టి దుక్కి, విత్తనం ప్లాన్ చేసుకోడానికి ఇవి భలే పనికొస్తాయి. కానీ రేపు వాన పడుతుందా అంటే కార్తె చెప్పలేదు.

దానికి "దూరపు గుడి దగ్గర వాన" అనే వరదగుడి సామెత ఉంది, అంటే గుడి దూరంగా ఉంటే వాన దగ్గర్లోనే ఉన్నట్టు. వరదగుడి అంటే చంద్రుడి చుట్టూ కనిపించే వలయం; అందులో దూరపు గుడి, అంటే చంద్రుడికి బాగా ఎడంగా కనిపించే పెద్ద వలయం, చాలా ఎత్తులో పల్చటి మబ్బుల్లోని మంచు స్ఫటికాల్లో వెలుగు వంగి సుమారు 22 డిగ్రీల దూరంలో ఏర్పడుతుంది, ఆ మబ్బులు చాలాసార్లు వానకి ముందొస్తాయి. ప్రతిసారీ కురవదు గానీ, కల్లంలో ధాన్యం ఉంటే మాత్రం నేను గుడినే నమ్మి పట్టా కప్పేస్తా.