డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్: రెండు వేసవులు వాడాక

విజయవాడలో మా డాబా మీద సోలార్ పెట్టించి రెండు వేసవులు దాటాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం (ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చేది) కిందే పెట్టించాం. "ఏమన్నా మిగులుతోందా?" అని అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతాను: ముందు మీ కరెంటు బిల్లు తెండి.

ఏపీలో ఇళ్ల టారిఫ్ శ్లాబుల లెక్క. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ పైశ్లాబు నుంచి కోసుకుంటూ వస్తుంది. మాకు రెండు ఏసీలు, వేసవిలో వాడకం నెలకు నాలుగు వందల యూనిట్ల పైమాటే. మూడు కిలోవాట్లు సగటున రోజుకు పన్నెండు యూనిట్లు అటూఇటూ ఇస్తాయి. దాంతో ఖరీదైన యూనిట్లే ముందు ఎగిరిపోయాయి. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంట్లో మిగిలేది మూడు వందల రూపాయలే, పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆ లెక్కన ఇక్కడ ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచితంగా పెట్టడం, బీసీలకు రెండు కిలోవాట్లకు అదనంగా 20 వేలివ్వడం సబబే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితంగా వస్తున్నవాళ్లు సోలార్ ఊసెత్తకపోతే తప్పేముంది?

కేంద్ర సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. ఎంత పెద్దది పెట్టినా 78 వేలు దాటదు. దేశంలో తయారైన ప్యానెల్సే వాడాలి, అవి కాస్త ఖరీదు. పనంతా అయ్యాకే సబ్సిడీ ఖాతాలో పడుతుంది, ముందు డబ్బు మనమే సర్దుకోవాలి.

అసలు విసుగు నెట్ మీటర్ దగ్గర, అంటే మనం వాడిన కరెంటునూ బయటికి పంపినదాన్నీ విడివిడిగా లెక్కేసే మీటర్. ప్యానెల్స్ ఒక్కరోజులో బిగించేశారు. మీటర్ మాత్రం "రేపు వస్తుంది సార్" అంటూనే నెల దాటించారు. అంతవరకూ ఇన్వర్టర్ (ప్యానెల్స్ కరెంటును ఇంట్లో వాడేలా మార్చే పెట్టె) ఆన్ చేయొద్దన్నారు. పాత మీటరైతే మనం బయటికి పంపిన కరెంటును కూడా వాడకంగానే తిప్పేస్తుందట. మంచి ఎండల్లో ఆరు ప్యానెల్స్ ఊరికే ఎండాయి.

ఇంకోటి చాలామందికి చెప్పరు. కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే ఫ్యాను తిరగదు. మా అమ్మ తిట్లన్నీ ఆ పూటే. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కావాలంటే ఖర్చు వేరు.

మే నెలలో దండిగా వస్తుందనుకుంటారు గానీ, ప్యానెల్ వేడెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. యాప్‌లో చూస్తే మాకు మార్చి నెలే మెరుగు. మా వీధిలో దుమ్ము ఎక్కువ. వారానికోసారి తెల్లవారకముందే పైపుతో కడుగుతాను. ఎండెక్కాక చన్నీళ్లు కొడితే గాజు పగిలే ప్రమాదముంది. ఉప్పునీళ్ల బోరైతే తెల్ల మరకలు కట్టేస్తాయి, మంచినీళ్లే వాడాలి. ఐదేళ్ల మెయింటెనెన్స్ వెండర్‌దే అయినా, కడగడానికి ఎవరూ రారు.

ప్రకటనల్లో చెప్పే సున్నా బిల్లు మాకు ఒక్కసారీ రాలేదు, ఫిక్స్‌డ్ చార్జీలు ఎలాగూ పడతాయి. అయినా వేసవి బిల్లు నాలుగో వంతుకు దిగింది, నాకది చాలు.

ఈమధ్య పడమటి పక్కవాళ్లు మూడో అంతస్తు లేపారు. మధ్యాహ్నం మూడింటికే రెండు ప్యానెల్స్ మీద నీడ. మీరు పెట్టించేముందు ఆ వైపు ఖాళీ స్థలం ఎవరిదో, ఎంత ఎత్తు కడతారో కనుక్కోండి.