కొమునేరోలు గెలవాలంటే చరిత్రను ఎక్కడ మలుపు తిప్పాలి?

1520లో స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యపు నగరాలు తమ రాజు మీదే తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటుదారులనే కొమునేరోలు అంటారు. ఆ రాజు చార్లెస్, హాబ్స్‌బర్గ్ వంశపువాడు. గెంట్‌లో (నేటి బెల్జియం) పుట్టి, ఆ చుట్టుపక్కల దేశాల్లోనే పెరిగాడు. 1517లో స్పెయిన్‌లో అడుగుపెట్టేనాటికి అక్కడి భాష రాదు. వెంట వచ్చిన ఫ్లెమిష్ పెద్దలకు మాత్రం ఏ పదవికి ఎంత రాబడో బాగానే తెలుసు. దేశంలోకెల్లా సంపన్నమైన టొలెడో ఆర్చిబిషప్ పదవిని ముఖ్య సలహాదారు షియెవ్ర్ తన వంశంలోని ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇప్పించాడు. ఆ కుర్రాడు టొలెడో మొహమైనా చూడలేదు. 1519లో చార్లెస్ ఫుగ్గర్లనే జర్మన్ వడ్డీవ్యాపారుల దగ్గర అప్పు చేసి, ఓట్లు కొని, పవిత్ర రోమన్ చక్రవర్తిగా ఎన్నికయ్యాడు. ఆ ఖర్చులకు మళ్ళీ కాస్టీల్ మీదే పన్ను వేయించి, 1520 మే 20న ఓడెక్కి వెళ్ళిపోయాడు. పాలనను ఏడ్రియన్ అనే డచ్ మతాధికారి చేతిలో పెట్టాడు.

పదకొండు నెలలు దాటాక, 1521 ఏప్రిల్ 23న, విల్లాలార్ దగ్గర తిరుగుబాటు సైన్యం చితికిపోయింది. మర్నాడు దాని నాయకులు పడిల్లా, బ్రావో, మాల్దొనాదోల తలలు తీశారు.

వీళ్ళు గెలిచి ఉంటే? ప్రత్యామ్నాయ చరిత్ర ఇష్టపడేవాళ్ళకి ఇది మంచి మేత. కానీ మలుపు ఎక్కడ పెట్టాలన్నదే అసలు తగువు. నా లెక్కలో మలుపు చిన్నదిగా ఉండాలి, దాంతో వచ్చిన గెలుపు నిలబడాలి, కథ చివరికి వచ్చేసరికి ఇది ఇంకా నగరాల తిరుగుబాటుగానే మిగలాలి. నాలుగు చోట్లు చూద్దాం.

ఎక్కువమంది చెయ్యి పెట్టేది విల్లాలార్ మీదే. ఆ రోజు వాన, బురద, అందులో కూరుకుపోయిన ఫిరంగులు. వాన పడకపోతే అని మొదలుపెడతారు. ఇది అన్నిటికంటే బలహీనం. పడిల్లా ఫిబ్రవరి 25న టొర్రెలోబటోన్ కోటను పట్టుకుని, దాదాపు రెండు నెలలు అక్కడే కూర్చుండిపోయాడు. సంధి మాటలు సాగుతూనే ఉన్నాయి. దోపిడీ సొమ్ము మూటగట్టుకుని సైనికులు ఇళ్ళకు జారుకున్నారు. ఈలోగా రాజు పక్షాన ఉన్న ఇద్దరు పెద్ద ప్రభువులు, కాన్‌స్టబుల్, అడ్మిరల్ అనే బిరుదులవాళ్ళు, ఒక్కటయ్యారు: బుర్గోస్ నుంచి కాన్‌స్టబుల్ సైన్యం దిగివచ్చి అడ్మిరల్ సైన్యంతో కలిసింది. వాన పడకపోయినా మహా అయితే తొరో ఊరు చేరేవాళ్ళు. మార్చిలోనే కదిలి ఉంటే అన్నది కాస్త నయం. కానీ అప్పటికే చార్లెస్ తల్లి, రాణి హువానా చేతిలోంచి పోయింది, ప్రభువులంతా అటువైపు చేరారు. ఒక యుద్ధం గెలిచి చేసేదేముంది?

రెండో మలుపు పూర్తిగా వేరే రకం. చార్లెస్ తమ్ముడు ఫెర్డినాండ్ 1503లో అల్కలాలో, కాస్టీల్ గడ్డ మీదే పుట్టాడు. అక్కడే పెరిగాడు. తాత పేరే పెట్టారు. జనానికి అతనంటే మోజు. ఆ సంగతి పసిగట్టిన అన్నగారు 1518లోనే అతన్ని దేశం దాటించేశాడు. ఆ తర్వాత ఫెర్డినాండ్ స్పెయిన్ తిరిగి చూడలేదు. ఆస్ట్రియా, బొహీమియా, హంగరీ ఏలి చివరికి చక్రవర్తి కూడా అయ్యాడు. ఆ ఓడ ఆగిపోయి ఉంటే 1520లో తిరుగుబాటుదారులకు రెడీమేడ్ రాజు దొరికేవాడు. ఇద్దరు హాబ్స్‌బర్గ్‌లలో మనవాడు ఎవరో జనం తేల్చుకోవడానికి క్షణం పట్టేది కాదు. ప్రభువుల్లో సగం మంది ఇటు వచ్చేవాళ్ళు. గెలిచే అవకాశం అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే, ఒప్పుకుంటాను. చిక్కల్లా, అప్పుడిది అన్నదమ్ముల సింహాసనం గొడవ అయిపోతుంది. అలాంటివి యూరప్‌లో కోకొల్లలు. కోర్తెస్, అంటే రాజ్య ప్రతినిధుల సభ, మూడేళ్ళకోసారి రాజు పిలవకపోయినా కూడాలి, విదేశీయులకు పదవులు ఇవ్వకూడదు, డబ్బు దేశం దాటకూడదు అన్న డిమాండ్లన్నీ ఫెర్డినాండ్ పట్టాభిషేకం నాటికి పక్కకు పోయేవి. గెలుపు దొరుకుతుంది, కొమునేరోలు మిగలరు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అయినా నేను ఎంచుకోనిది. చట్టప్రకారం కాస్టీల్‌కు రాణి చార్లెస్ తల్లి హువానా. పిచ్చిదని ముద్రవేసి 1509 నుంచి టోర్డెసిల్లాస్‌లో బంధించారు. అయినా రాజశాసనాల్లో ఆమె పేరే ముందు, కొడుకు పేరు తర్వాత. 1520 ఆగస్టు 29న పడిల్లా ఆ ఊరు చేరి ఆమెను కలిశాడు. అప్పుడు ఆమె పరిస్థితి చూడండి. తండ్రి పోయి నాలుగేళ్ళు దాటినా ఆ కబురు చెప్పలేదు. కాపలాకు పెట్టిన డెనియా మార్క్విస్ ఆయన బతికే ఉన్నాడని నమ్మిస్తూ వచ్చాడు. తిరుగుబాటుదారులు డెనియాను వెళ్ళగొట్టారు. ఆమె వాళ్ళ మాట విన్నది, ఓపిగ్గా జవాబు చెప్పింది, ఇన్నేళ్ళూ తనకు అబద్ధాలు చెప్పారని వాపోయింది. కాగితం ముందు పెడితే మాత్రం సంతకం చేయలేదు. ఒకసారి కాదు, ఎన్నిసార్లు అడిగినా. ఆ సంతకం పడితే కొడుకు రాజ్యం కాగితం మీదే అయిపోయేది.

కథ రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి, ఒక్క కలం గీత! కానీ ఆ గీతకోసం మనిషినే మార్చాలి. ఆమె భర్తకూ తండ్రికీ లొంగకుండా, తనకు తోచనిది చేయకుండా బతికింది. కొడుకు హక్కుకు తన చేత్తో గండికొట్టడం ఆమెకు ఇష్టం లేదని నాకనిపిస్తుంది. వేరే హువానాను సృష్టిస్తే అది చిన్న మార్పు అనిపించుకోదు.

అందుకే నా ఓటు 1520 డిసెంబరుకు. అప్పటికి హుంటా, అంటే తిరగబడ్డ నగరాల ప్రతినిధుల సభ, టోర్డెసిల్లాస్‌లోనే ఉంది. రాణి వాళ్ళ దగ్గరే ఉంది. రాజు పక్షం సైన్యం ఉత్తరాన మెదీనా దె రియోసెకోలో ఉంది. వాళ్ళకు అడ్డంగా కొమునేరోల సైన్యం నిలబడి ఉంది. దాని నాయకుడు అప్పుడు పడిల్లా కాదు. పెద్ద ఇంటి బిడ్డ ఉంటే ప్రభువులు మెత్తబడతారని హుంటా పెద్రో హిరోన్‌కు పగ్గాలు ఇచ్చింది. అలిగిన పడిల్లా టొలెడో వెళ్ళిపోయాడు. డిసెంబరు మొదట్లో హిరోన్ తన సైన్యాన్ని పడమటికి, విల్లాల్పాందోకు నడిపించాడు. దారి బార్లా తెరుచుకుంది. డిసెంబరు 5న రాజు మనుషులు టోర్డెసిల్లాస్ మీద పడ్డారు. బిషప్ అకూన్యా జమోరా నుంచి తెచ్చిన పూజారుల దళం గోడల మీద నిలబడి గట్టిగానే పోరాడింది, నిలవలేకపోయింది. ఊరు లూటీ అయింది, హుంటా సభ్యులు కొందరు దొరికిపోయారు, రాణి మళ్ళీ బందీ అయింది. హిరోన్ అమ్ముడుపోయాడని జనం అప్పుడే అన్నారు. తెలివితక్కువతనం కూడా అయి ఉండొచ్చు. కథకు రెండూ ఒకటే.

ఇక్కడ మార్చాల్సింది ఒక సేనాపతి ఒక వారం ఎటు నడిచాడన్నది మాత్రమే. అతను కదలకపోతే రాణి సంతకం పెట్టకపోయినా కొమునేరోల దగ్గరే ఉంటుంది. ఆమె చుట్టూ సభ నడుస్తుంటే వాళ్ళను తిరుగుబాటుదారులు అనడం కష్టం. చలికాలం గడిచేకొద్దీ రాజు పక్షానికి డబ్బు కటకట. ఇంకోవైపు కాలం కలిసివస్తుంది: ఆ టొలెడో కుర్ర ఆర్చిబిషప్ 1521 జనవరిలో, షియెవ్ర్ మే నెలలో చనిపోయారు. అదే మేలో ఫ్రాన్స్ నవార్ మీదకు వచ్చింది. ఆ టైమ్‌లో చార్లెస్ ఎదుట రెండే దారులు: బేరానికి రావడం, లేదా కాస్టీల్‌ను వదులుకోవడం. వస్తాడనే నా నమ్మకం.

అయితే ఆ బేరంలో కొత్తగా దక్కేదేమిటి? ఓడించాక కూడా చార్లెస్ చాలా ఇచ్చాడు. భాష నేర్చుకున్నాడు, 1526లో పోర్చుగల్ యువరాణి ఇసబెల్లాను పెళ్ళాడాడు, పదవులు మెల్లగా కాస్టీల్ వాళ్ళకే ఇచ్చాడు. ఇవ్వనిది ఖజానా మీద పట్టు. నా ప్రత్యామ్నాయ చరిత్రలో అదొక్కటీ నగరాల చేతికి వస్తుంది. ఇటలీ యుద్ధాలకు అడగ్గానే డబ్బు పుట్టదు.

అదే రోజుల్లో వలెన్సియాలో జరిగిన హెర్మానియా తిరుగుబాటుతో జత కలిపితే అని కొందరంటారు. అది వేరే రాజ్యం, వేరే గొడవ, వదిలేస్తున్నాను.

నా ఎంపికకూ ఒక లోపం ఉంది. 1520 సెప్టెంబరులో దుయేన్యాస్ ప్రజలు తమ కౌంట్ మీదే తిరగబడ్డారు. అక్కడినుంచి ప్రభువులకు భయం పట్టుకుంది. బుర్గోస్ వర్తకులు ఉన్ని ఫ్లాండర్స్‌కు అమ్ముకోవాలంటారు, సెగోవియా నేతవాళ్ళు అదే ఉన్ని తమకు మిగలాలంటారు. బుర్గోస్ పక్క మారడంలో ఈ ఉన్ని లెక్కకూ వాటా ఉంది. టోర్డెసిల్లాస్ నిలిచినా ఈ తగువు తీరదు. 1521 వేసవిలో రాజుతో బేరం కుదిరిన మర్నాడే అదే సభలో ఉన్ని ఎగుమతి మీద ఈ రెండు నగరాలూ జుట్టూ జుట్టూ పట్టుకోవాలి. రెండో అధ్యాయం నేనైతే అక్కడే మొదలుపెడతాను.