స్లిప్ రింగులా, బ్రష్‌లెస్సా: తిరిగే షాఫ్ట్‌కు కరెంటు అందించడానికి ఏది మేలు?

పెద్ద జనరేటర్లలో, మోటార్లలో తిరుగుతున్న రోటార్‌కు కరెంటు అందించడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి స్లిప్ రింగుల (షాఫ్ట్‌తో పాటు తిరిగే లోహపు కడియాల) మీద కార్బన్ బ్రష్‌లు ఆనించడం, రెండోది బ్రష్‌లెస్ ఎక్సైటర్, అంటే బ్రష్‌లు లేకుండానే రోటార్‌కు కరెంటు ఇచ్చే ఏర్పాటు. బ్రష్‌లు లేకపోతే తలనొప్పే ఉండదని చాలామంది రెండోదాని వైపు మొగ్గుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: రోటార్‌కు కావలసింది ఎలాంటి కరెంటు, దాన్ని ఎంత త్వరగా పెంచాలి, తగ్గించాలి?

స్లిప్ రింగుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు బ్రష్‌ల పోషణకు సంబంధించినవే. ఎలక్ట్రోగ్రాఫైట్ అనే రకం కార్బన్ బ్రష్ చదరపు సెంటీమీటరుకు సుమారు 10 ఆంపియర్లు మోస్తుంది. టర్బైన్‌తో తిరిగే పెద్ద టర్బో జనరేటర్ రోటార్‌కు వేల ఆంపియర్లు కావాలి కాబట్టి ఒక్కో రింగు చుట్టూ పదుల కొద్దీ బ్రష్‌లు పక్కపక్కనే పనిచేస్తాయి. వాటిలో ఒకటి హోల్డర్‌లో దుమ్ముకు బిగుసుకుపోయిందా, దాని వాటా పక్కవాటి మీద పడుతుంది. వేడెక్కిన కార్బన్‌కు నిరోధం కాస్త తగ్గుతుంది, దాంతో ఎక్కువ మోస్తున్న బ్రష్ ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. దాని పిగ్‌టెయిల్ (బ్రష్‌కు కరెంటు తెచ్చే) రాగి తీగ నీలంగా మాడి ఉంటే తప్పు ఆ బ్రష్‌దే అనుకోకండి, పక్కన కదలకుండా కూర్చున్నదాన్ని వెతకండి.

రింగు మీద నిగనిగలాడే పల్చటి గోధుమ రంగు పొరను మురికి అనుకుని ఎమెరీ కాగితంతో గీకేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అరుగుదలను ఆపేదే అది! ఆ పొర నిలబడాలంటే గాలిలో కొంత తేమ ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాగా ఎత్తున ఎగిరిన విమానాల్లో, పొడిగా పలుచబడ్డ గాలిలో జనరేటర్ బ్రష్‌లు కొద్ది గంటల్లోనే పొడైపోయేవి.

బ్రష్‌లెస్‌లో షాఫ్ట్ మీదే ఒక చిన్న ఏసీ జనరేటర్ ఉంటుంది. అందులో పుట్టిన కరెంటును షాఫ్ట్‌తో పాటే తిరిగే డయోడ్లు డీసీగా మారుస్తాయి. కార్బన్ పొడి లేదు, స్పార్క్ లేదు. మండే వాయువులున్న చోట, రోజూ చూసే మనిషి లేని చోట నేను మరో మాట లేకుండా దీన్నే ఎంచుకుంటాను. కాకపోతే రోటార్ కరెంటుకు నేరుగా మీటర్ పెట్టలేం. ఫాల్ట్ వచ్చినప్పుడు ఫీల్డును, అంటే రోటార్‌కు వెళ్లే కరెంటును, బ్రేకర్‌తో చటుక్కున తెంచలేం. పోయిన డయోడ్‌ను మార్చాలంటే యంత్రం ఆపాల్సిందే.

గ్రిడ్‌లో వోల్టేజీ ఊగిసలాడినప్పుడు వెంటనే స్పందించాల్సిన పెద్ద జనరేటర్‌కైతే స్టాటిక్ ఎక్సైటేషన్ (తిరిగే ఎక్సైటర్ లేకుండా బయటి ఎలక్ట్రానిక్ రెక్టిఫయర్ నుంచి రోటార్‌కు కరెంటు ఇవ్వడం), దాంతో పాటు స్లిప్ రింగులే నా ఎంపిక. రోటార్ వైండింగ్‌ను బయట రెసిస్టెన్స్‌కు కలిపే మోటార్లకు, డబ్లీ ఫెడ్ (స్టేటర్, రోటార్ రెండూ కరెంటు మార్గానికి కలిసే) విండ్ టర్బైన్లకు కూడా స్లిప్ రింగులే కావాలి. నెమ్మదిగా తిరిగే క్రేన్లలో, కేబుల్ రీళ్లలో బ్రష్ అరుగుదల పెద్ద సమస్యే కాదు.

బ్రష్‌లకు బదులు పాదరసం నింపిన కాంటాక్టులు కూడా ఉన్నాయి, వాటిల్లో నిరోధం చాలా తక్కువే. కానీ పాదరసం సుమారు మైనస్ 39 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కారితే విషం. భారీ యంత్రాల దగ్గర నేను దాన్ని సిఫారసు చేయను.

ఇప్పుడున్న బ్రష్‌లు త్వరగా అరుగుతున్నాయని బ్రష్‌లెస్‌కు మార్చాలనుకుంటే, ముందు యంత్రం ఆపి ప్రతి హోల్డర్ దగ్గరా స్ప్రింగ్ లాగుడు కొలవండి. ఒకే రింగు మీద రెండు గ్రేడ్ల బ్రష్‌లు కలిసిపోయాయేమో చూడండి. రింగు గుండ్రంగానే ఉందో లేదో డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడండి. అరుగుదల ఆపాలని స్ప్రింగులు వదులు చేసి ఉంటే మాత్రం వెంటనే సరిచేయించండి, ఒత్తిడి తగ్గితే స్పార్కింగ్ మొదలై రింగు కూడా పాడవుతుంది.