గ్రాఫిక్స్ కార్డు మార్చాను, విమానం మాత్రం అలాగే కుదుపులతో దిగింది

మొదట చేసిన తప్పు దగ్గరే మొదలుపెడతాను. 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో నిజం విమానంలా నడిపే ఆట) వచ్చేనాటికి నా దగ్గర రైజెన్ 5 3600 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. కొండల మీద, పొలాల మీద చిన్న సెస్నాలో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఏ320 అనే పెద్ద ప్రయాణికుల విమానం వేసుకుని లండన్ హీత్రో లాంటి పెద్ద విమానాశ్రయంలో దిగబోతే మాత్రం రన్‌వే దగ్గరపడేకొద్దీ బొమ్మ ఆగి ఆగి కదిలేది. సెకనుకి 24 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు), ఒక్కోసారి 19. అందరిలాగే నేనూ కార్డు చాలడం లేదనుకున్నాను. అప్పట్లో కార్డులు దొరకడమే గగనం. నెలల తరబడి కాచుకుని, పాతదానికి దాదాపు రెట్టింపు వేగం ఉన్నది తెచ్చి బిగించాను. అదే హీత్రో, అదే విమానం, అదే మబ్బులు. 25 ఫ్రేములు. కొండను తవ్వి ఎలుకను పట్టాను.

కార్డు తప్పేమీ లేదు, పాపం అది సగం సమయం ఖాళీగా కూర్చుంటోంది. మామూలు ఆటలకీ సిమ్యులేటర్లకీ తేడా ఇక్కడే ఉంది. విమానం సిస్టమ్స్, ఫిజిక్స్, చుట్టూ తిరిగే ఇతర విమానాలు, ఏ వస్తువు ఎక్కడ గీయాలో కార్డుకి చెప్పే పని, ఇందులో పెద్ద భాగం ప్రాసెసర్‌లో ఒకే ఒక్క థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా పనులు చేసే వరస) మీద పడుతుంది. అది తన వంతు ముగించేదాకా కార్డు ఎంత గొప్పదైనా ఎదురుచూడాల్సిందే. డీసీఎస్ అనే యుద్ధవిమానాల సిమ్యులేటర్ అయితే 2023 మార్చిలో మల్టీథ్రెడింగ్ (పనిని చాలా థ్రెడ్‌లకి పంచడం) వచ్చేదాకా ఇంకా ఘోరంగా ఉండేది, ఆ అప్‌డేట్ రోజు పైసా ఖర్చు లేకుండా కొత్త కంప్యూటర్ వచ్చినట్టనిపించింది.

విండోస్ టాస్క్ మేనేజర్ చూసి మోసపోయిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ప్రాసెసర్ వాడకం 35 శాతం అని చూపిస్తుంటే ఇంకా బోలెడు ఖాళీ ఉందిగా అనుకున్నాను. కానీ 3600లో 12 థ్రెడ్‌లు ఉంటాయి, అందులో ఒక్కటి గొంతుదాకా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతమే. కాబట్టి ఆ అంకెని నమ్మకండి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ తెరిచి ఫ్రేము లెక్క పెట్టే చిన్న పెట్టెని ఆన్ చేస్తే, మీకు అడ్డుపడుతున్నది మెయిన్ థ్రెడ్డా (ప్రాసెసర్), జీపీయూవా (గ్రాఫిక్స్ కార్డు) అన్నది అదే రాసి చూపిస్తుంది. ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్‌లో ఫ్రేము రేటు పక్కనే సీపీయూ (ప్రాసెసర్) సమయం, జీపీయూ సమయం విడివిడిగా కనిపిస్తాయి, ఏది పెద్దదైతే దొంగ అదే. ఈ రెండు నిమిషాల పని నేను ముందే చేసి ఉంటే ఆ కార్డు డబ్బులు జేబులోనే ఉండేవి.

అసలు మార్పు 2022లో వచ్చింది. రైజెన్ 7 5800ఎక్స్3డీ అనే ప్రాసెసర్. నా పాత ఏఎం4 మదర్‌బోర్డులోనే, బయోస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి పెట్టేశాను. కాగితం మీద చూస్తే ఇది మామూలు 5800ఎక్స్ కన్నా కాస్త నెమ్మది, గరిష్ఠ వేగం 4.7 బదులు 4.5 గిగాహెర్ట్జ్. తేడా అంతా ఎల్3 క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీలో ఉంది. దానికి 32 ఎంబీ అయితే దీనికి 96. మెకానిక్‌కి కావలసిన పానాలన్నీ చేతికందేలా బల్ల మీదే ఉండటానికీ, ప్రతి నట్టుకీ లేచి గోడౌన్‌కి వెళ్లి రావడానికీ ఉన్నంత తేడా. సిమ్యులేటర్‌కి ప్రతి ఫ్రేముకీ ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న డేటా కావాలి, అది క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. హీత్రోలో 25 ఫ్రేములు కాస్తా 40 దాటాయి. అంతకన్నా ముఖ్యంగా, తల తిప్పినప్పుడల్లా వచ్చే ఆ చిన్న కుదుపు పోయింది. సగటు ఫ్రేముల కన్నా ఈ కుదుపు లేకపోవడమే ల్యాండింగ్‌లో తెలుస్తుంది. ఒక చిక్కు, ఇది వేడెక్కుతుంది, ఎందుకంటే ఆ అదనపు క్యాష్ పొర ప్రాసెసర్ చిప్ నెత్తిన కూర్చుంటుంది, గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలే, ఓవర్‌క్లాక్ (వేగాన్ని మనమే పెంచుకోవడం) కూడా కుదరదు. నేను మొదట పాత చిన్న కూలరే పెట్టి వేసవిలో ఫ్యాన్ల మోత భరించలేక మార్చాను. 2024లో వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ పొరని కోర్ల కిందికి మార్చారు, ఇప్పుడు కొత్తగా కట్టేవాళ్లు ఆ తరానికే వెళ్లడం మంచిది.

ర్యామ్ గురించి ఒక సిగ్గుపడే విషయం. పెట్టె మీద వేగం 3600 అని రాసి ఉన్న ర్యామ్ కొని, ఏడు నెలలు దాన్ని 2133 వేగంతో నడిపాను. బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే ఒక్క స్విచ్ ఆన్ చేయాలి, ఎవరూ చెప్పరు, దానంతటది ఆన్ అవ్వదు. ఇది చదువుతున్నవాళ్లు ఒకసారి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి స్పీడు చూసుకోండి, ఇప్పుడే. పరిమాణం విషయానికొస్తే 16 జీబీ రోజులు పోయాయి. ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కి సిఫార్సు చేసిందే 32, ఆదర్శం అన్నది 64. నాకు 32 చాలా వరకు సరిపోతోంది, డీసీఎస్‌లో జనం నిండిన మల్టీప్లేయర్ సర్వర్‌లోకి వెళ్లినప్పుడు తప్ప.

మరి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదా అంటే, కావాలి, కానీ దేనికో తెలిసి కొనాలి. మబ్బులు, 4కే తెర, వీఆర్ (కళ్లకి కట్టుకునే తెర), ఈ మూడూ కార్డు మీద పడే భారాలు. విమానాశ్రయం రద్దీ, దూరం వరకు కనిపించే భవనాలు ప్రాసెసర్ మీద పడతాయి. అందుకే దిగే ముందు టెరైన్ డీటెయిల్ (దూరం దాకా ఎంత వివరంగా గీయాలో చెప్పే) స్లైడర్ 200 నుంచి 100కి తగ్గిస్తే ఊపిరి ఆడుతుంది, మబ్బుల నాణ్యత తగ్గిస్తే అక్కడ ఏమీ మారదు. కార్డు వేగం కన్నా దాని సొంత మెమరీ ఎంతన్నది ముందు చూడమంటాను. నా 8 జీబీ కార్డు పైకి బాగానే ఉన్నట్టు కనిపించేది. గంటన్నర ఎగిరాక, బయటి వ్యూ నుంచి కాక్‌పిట్‌లోకి తిరిగిన క్షణంలో ఒక్కసారిగా 6 ఫ్రేములకి పడిపోయి, అర నిమిషం పాటు జిగట బురదలో నడిచినట్టు ఉండేది. కార్డు సొంత మెమరీ నిండిపోయి, కొన్ని టెక్స్చర్లు (వస్తువుల పైతొడుగు బొమ్మలు) మామూలు ర్యామ్‌లోకి పోయి తిరిగి రావడం అది. 12 జీబీ కన్నా తక్కువ ఈ పనికి కొనొద్దు, 16 అయితే నిశ్చింత.

డీఎల్ఎస్ఎస్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేయడం) బయటి దృశ్యానికి అద్భుతం. కాక్‌పిట్‌లో మాత్రం గిరగిరా మారే ఎత్తు అంకెల వెనక నీడలా మసక వస్తుంది, డయల్స్ చదవడమే పనిగా పెట్టుకున్న వాళ్లకి ఇది చిరాకు. నేను క్వాలిటీ మోడ్ దాటి కిందికి వెళ్లను. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో ఫ్రేములని ఊహించి చేర్చడం) కాలక్షేపపు ప్రయాణాలకి ఓకే, చేతికీ తెరకీ మధ్య ఆలస్యం కాస్త పెరుగుతుంది కాబట్టి హెలికాప్టర్‌కి వద్దు.

ఇంతవరకు కంప్యూటర్ పెట్టె లోపలి సంగతులు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో నాకు ఎక్కువ ఆనందం ఇచ్చినవి పెట్టె బయటివి. మొదటి జాయ్‌స్టిక్ చవకది, పేరెందుకులే. ఏడాదిన్నర తిరక్కుండానే ల్యాండింగ్‌లో 200 అడుగుల దగ్గర విమానం దానంతటది ఎడమవైపు ఒరగడం మొదలుపెట్టింది. గాలి అనుకుని నెల రోజులు కుడివైపు నొక్కుతూ దింపాను! చివరికి విండోస్ కాలిబ్రేషన్ కిటికీ తెరిచి, స్టిక్ మీద నుంచి చేయి తీసేసి చూస్తే, ఆ చిన్న ప్లస్ గుర్తు మధ్యలో నిలబడకుండా జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. లోపలి పొటెన్షియోమీటర్ (రాసుకుంటూ తిరిగి స్టిక్ కదలికని కొలిచే భాగం) అరిగిపోయింది. డెడ్‌జోన్ (మధ్యలో కదలికని పట్టించుకోని భాగం) పెంచితే వణుకు దాగుతుంది కానీ మధ్యలో స్టిక్ చచ్చుబడిపోతుంది, హెలికాప్టర్ గాల్లో నిలపడం, డీసీఎస్‌లో గాల్లోనే ఇంధనం నింపుకోవడం ఇక కుదరవు. తర్వాత అయస్కాంత సెన్సర్ ఉన్న స్టిక్ కొన్నాను, అందులో ఒకదానికొకటి రాసుకునే భాగం ఉండదు కాబట్టి అరుగుదల లేదు. నాలుగేళ్లుగా ఆ ప్లస్ గుర్తు మేకు కొట్టినట్టు మధ్యలోనే ఉంది. కొనేముందు మరొకటి చూడండి, కొన్నింటిలో ప్రధాన కదలికకి అయస్కాంతం పెట్టి, స్టిక్‌ని మెలితిప్పి విమానం ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్‌కి పాత పొటెన్షియోమీటరే వదిలేస్తారు.

కాళ్లతో తొక్కే పెడల్స్ కొన్న మొదటి రోజు బ్రేక్ గట్టిగా తొక్కితే విమానం ఆగలేదు, నేను కుర్చీతో సహా వెనక్కి పోయి గోడకి తగిలాను. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీకి పెడల్స్ ఎప్పుడూ పడవు. రకరకాల ప్రయత్నాల తర్వాత పనిచేసిన ఉపాయం ఇది: వెనక చక్రాలు రెండింటినీ పాత బూట్లలో దించాను. చూసినవాళ్లు నవ్వుతారు, కుర్చీ మాత్రం కదలదు.

హెడ్ ట్రాకింగ్ (తల కదలికని కెమెరా పట్టుకోవడం) మాత్రం వాడాకే తెలుస్తుంది. ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, మామూలు వెబ్‌క్యామ్, అంతే. తల కాస్త తిప్పితే కాక్‌పిట్‌లో చూపు తిరుగుతుంది. దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్‌లో, చివరి మలుపుకి ముందుండే బేస్ లెగ్ మీద ఉండి పక్కకి రన్‌వే చూసుకుంటూ మలుపు తిప్పడం దాంతోనే నాకు వచ్చింది, అంతకుముందు బటన్ నొక్కి వ్యూ మార్చేలోపు రన్‌వే దాటిపోయేవాణ్ణి. వెబ్‌క్యామ్ రాత్రిపూట చీకట్లో తడబడేది, అందుకని తర్వాత హెడ్‌ఫోన్‌కి మూడు ఇన్‌ఫ్రారెడ్ లైట్ల క్లిప్ తగిలించాను. పెట్టిన ఖర్చుకి వచ్చిన ఫలితం చూస్తే మొత్తం సామగ్రిలో దీనికే నా మొదటి ఓటు.

వీఆర్ కూడా వాడాను, క్వెస్ట్ 3 హెడ్‌సెట్. ఒక్కో కంటికి 2064 బై 2208 పిక్సెళ్లు, 90 హెర్ట్జ్ కావాలంటే ప్రతి ఫ్రేమూ 11 మిల్లీసెకన్లలో తయారవ్వాలి, పెద్ద సిమ్యులేటర్లలో ఇది ఎంత మంచి కంప్యూటర్‌కైనా కష్టమే. కానీ దిగేటప్పుడు ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు పైకెత్తడం) ఎక్కడ మొదలుపెట్టాలో మామూలు తెర మీద ఎత్తు చెప్పే గొంతు విని అంచనా వేసేవాణ్ణి, వీఆర్‌లో కన్నే చెబుతుంది. అది మొదటిసారి జరిగినప్పుడు నోట మాట రాలేదు. అయినా ఇప్పుడు పది ప్రయాణాల్లో ఒకదానికి పెట్టుకుంటానేమో. చార్టులు చదవలేను, కీబోర్డు కనబడదు, గంట దాటితే ముఖం చెమట. చిన్న విమానాలకీ హెలికాప్టర్లకీ సరే, నాలుగు గంటల ఎయిర్‌లైనర్ ప్రయాణానికి వద్దు.

అంతరిక్షం వైపు లెక్కలు వేరు. ఆర్బిటర్ అనే అంతరిక్ష సిమ్యులేటర్‌కి పాత ల్యాప్‌టాప్ చాలు, దానికి కావలసింది మీ ఓపిక, కాస్త కక్ష్యా గణితం. ఎలీట్ డేంజరస్ అనే ఆటలో అంతరిక్ష ఓడ ఆరు దిశల్లో కదులుతుంది కాబట్టి రెండు చేతులకీ రెండు స్టిక్‌లు ఉంటే, ఫ్లైట్ అసిస్ట్ (ఓడని తనంతట తాను నిలకడగా ఉంచే సాయం) తీసేసి నడపడం అప్పుడే అసలు రుచి తెలుస్తుంది. రాకెట్లు కట్టి ఎగరేసే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అయితే గ్రాఫిక్స్ కార్డు ఊసే ఎత్తదు. నేను ముక్క ముక్కగా కట్టుకుంటూ పోయిన స్పేస్ స్టేషన్ 400 భాగాలు దాటింది. దాని దగ్గరికి ఇంధనం ఓడ తీసుకెళ్తుంటే ఎడమ పై మూల గడియారం ఆకుపచ్చ నుంచి పసుపుకి మారింది, ఆటలో ఒక సెకను గడవడానికి బయట మూడు సెకన్లు పట్టేది. కార్డు ఫ్యాన్ తిరగడమే మానేసింది. అతుక్కున్న భాగాలన్నిటి ఫిజిక్స్ లెక్కనీ చాలా కోర్లకి పంచలేరు, అందుకే అక్కడ ఒక్క కోర్ వేగమే దిక్కు. నా పరిష్కారం హార్డ్‌వేర్ కాదు, స్టేషన్‌లో అక్కర్లేని సోలార్ ప్యానళ్లు, ట్యాంకులు విప్పేయడం. డాకింగ్‌కి (ఓడని స్టేషన్‌కి అతికించడం) జాయ్‌స్టిక్ కన్నా కీబోర్డే నయం, చిన్న చిన్న తట్లు ఇవ్వడం వేళ్లకి బాగా తెలుసు.

డిస్క్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎస్ఎస్‌డీ ఏదైనా సరే, హార్డ్ డిస్క్ వద్దు, ఖరీదైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీకీ మామూలుదానికీ తేడా నాకు తెలియలేదు. పరిమాణం మాత్రం 2 టీబీ తీసుకోండి, డీసీఎస్ మ్యాపులు మింగేస్తాయి.

చివరిది యూఎస్‌బీ. స్టిక్, థ్రాటిల్, పెడల్స్, కెమెరా, అన్నీ ఒకే చిన్న హబ్‌కి గుచ్చి, సముద్రం మీద మూడు గంటలు ఎగిరి, ఆటోపైలట్ తీసేసిన క్షణంలో థ్రాటిల్ మాయమైంది. డింగ్ మని విండోస్ శబ్దం, ఇంజన్లు ఐడిల్‌కి. అంతసేపు కదలకుండా ఉన్నందుకు కరెంటు పొదుపు పేరుతో విండోస్ దాన్ని నిద్రపుచ్చింది, పైగా హబ్‌కి సొంత అడాప్టర్ లేదు. ఇప్పుడు అడాప్టర్ ఉన్న హబ్ వాడుతున్నాను, డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ హబ్‌కీ ఆ పొదుపు టిక్కు తీసేశాను. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా వెళ్లి ఆ టిక్కు తిరిగి వచ్చిందేమో చూసుకుంటాను, రెండుసార్లు వచ్చింది కూడా.