సాధనకు ఒక తూటా, రక్షణకు ఒక తూటా: స్పియర్ లామన్ 147 గ్రెయిన్ల సమీక్ష

ఆత్మరక్షణ కోసం పిస్టల్ ఉంచుకునేవారిలో చాలామంది రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, ఒక రకం తూటాను కాలుస్తారు, ఇంటికి వచ్చాక మ్యాగజైన్‌లో మరొక రకం నింపుకుంటారు. ఖర్చు సంగతి చూస్తే ఇది సహజమే. రక్షణకు ఉద్దేశించిన హాలో పాయింట్ తూటాలు (ముక్కు బోలుగా ఉండి, తగిలినప్పుడు వెడల్పయ్యేవి) సాధారణంగా 20 చొప్పున చిన్న పెట్టెల్లో వస్తాయి, సాధన తూటాలు 50 చొప్పున వస్తాయి. ఒక్కో తూటా ధరలో ఉన్న తేడాను బట్టి వారం వారం హాలో పాయింట్లతో సాధన చేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అయితే సాధన తూటా పేలినప్పుడు చేతిని వెనక్కి తన్నే కుదుపు ఒకలా, రక్షణ తూటా కుదుపు మరొకలా ఉంటే, నెలల తరబడి చేయి అలవాటు చేసుకున్న పట్టు, రెండో గుండు పేల్చడానికి పట్టే వ్యవధి, గురి మళ్ళీ కుదిరే తీరు అన్నీ అవసరానికి ఉపయోగపడని తూటాకే అలవాటైనట్టు అవుతాయి. ఈ చిక్కుకు పరిష్కారంగా ఎంచుకోదగిన 9 ఎం.ఎం. తూటాల్లో నేను మొదటి వరుసలో పెట్టేది స్పియర్ కంపెనీ లామన్ 147 గ్రెయిన్ల రకాన్ని. అదే కంపెనీ తయారుచేసే గోల్డ్ డాట్ 147 గ్రెయిన్ల హాలో పాయింట్‌కు ఇది సరైన జోడీ.

ఎందుకు సరైన జోడీ అంటే, ముందు పెట్టె మీది అంకెలు చూడాలి. రెండింటిలోనూ గుండు, అంటే తూటా నుంచి బయటికి దూసుకెళ్ళే ముక్క, బరువు 147 గ్రెయిన్లే (గ్రెయిన్ ఒక చిన్న బరువు కొలత), రెండింటికీ కంపెనీ చెప్పే వేగం సెకనుకు 985 అడుగులే. గుండు బరువును వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకెను పోటీల్లో కాల్చేవారు పవర్ ఫ్యాక్టర్ అంటారు. కుదుపును పోల్చడానికి ఇంతకంటే సులువైన కొలత లేదు. ఈ రెండు తూటాలకూ అది సుమారు 145 వస్తుంది. దీనికి పక్కన, అత్యధికంగా అమ్ముడయ్యే 115 గ్రెయిన్ల సాధన తూటాను పెట్టి చూడండి. ఫెడరల్ కంపెనీ అమెరికన్ ఈగిల్ 115 గ్రెయిన్ల తూటాకు చెప్పే వేగం 1180 అడుగులు, అంటే పవర్ ఫ్యాక్టర్ 136కు కాస్త తక్కువ. దానితో సాధన చేసి, 1220 అడుగుల వేగంతో వెళ్ళే గోల్డ్ డాట్ 124 గ్రెయిన్ల ప్లస్ పి (మామూలు కంటే ఎక్కువ పీడనం గల) తూటాను నింపుకునేవారికి ఆ అంకె ఒక్కసారిగా 151కి పెరుగుతుంది. పదకొండు శాతం తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చిన్న పిస్టల్ పట్టుకుని వెంటవెంటనే కాల్చేటప్పుడు అరచేతికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అంకె ఒక్కటే సరిపోదు, కుదుపు స్వభావం కూడా కలవాలి. బరువైన గుండు నెమ్మదిగా వెళ్ళినప్పుడు పిస్టల్ చేతిని వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. తేలికైన గుండు వేగంగా వెళ్ళినప్పుడు చురుక్కుమని పైకి ఎగిరినట్టు ఉంటుంది. పైగా 985 అడుగుల వేగం ధ్వని వేగం కంటే తక్కువ కాబట్టి గుండు గాలిని చీల్చేటప్పుడు వచ్చే చిటపట దీనిలో ఉండదు, 1180 అడుగుల తూటాలో ఉంటుంది. గురి పడే చోటు కూడా మారుతుంది. నెమ్మదిగా వెళ్ళే బరువైన గుండు బ్యారెల్‌లో, అంటే పిస్టల్ గొట్టంలో, ఎక్కువసేపు ఉంటుంది, ఆలోపు గొట్టం మూతి పైకి లేవడం మొదలవుతుంది, అందువల్ల దగ్గరి దూరాల్లో బరువైన గుండు సాధారణంగా కొంచెం పైన తగులుతుంది. ఏడు గజాల దూరంలో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, పాతిక గజాల దూరంలో మాత్రం టార్గెట్ కాగితం మీద కనిపిస్తుంది. ఒకే బరువు, ఒకే వేగం ఉన్న జోడీని ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు.

లామన్‌లో నాకు నచ్చిన మరో విషయం గుండు తయారీ. మామూలు ఫుల్ మెటల్ జాకెట్ గుండుకు రాగి కవచం ముందు, పక్కలా ఉంటుంది, అడుగున సీసం బయటికి కనిపిస్తుంది. మందు మండినప్పుడు పుట్టే వేడి వాయువు ఆ సీసానికి తగిలి కొంత ఆవిరవుతుంది. లామన్ గుండు పూర్తి లోహ కవచం గలది, అంటే సీసం దిమ్మ చుట్టూ, అడుగుతో సహా, విద్యుత్ ద్వారా రాగి పూత పోస్తారు. గోల్డ్ డాట్ కవచం కూడా ఇదే పద్ధతిలో తయారవుతుంది. నాలుగు గోడల మధ్య ఉన్న రేంజ్‌లో గంటల తరబడి కాల్చేవారికి ఇది చిన్న విషయం కాదు. ఇదే లామన్ వరుసలో క్లీన్-ఫైర్ అని మరో రకం ఉంది, దానిలో మందును అంటించే ప్రైమర్‌లో కూడా సీసం ఉండదు. ఏ తూటా కాల్చినా రేంజ్ నుంచి బయటికి రాగానే చన్నీళ్ళతో, సబ్బుతో చేతులు కడుక్కోవడం మాత్రం మానకూడదు.

ఇక కలవని విషయాలు. గోల్డ్ డాట్ కేస్‌కు, అంటే మందు ఉండే తూటా తొడుగుకు, నికెల్ పూత ఉంటుంది, లామన్ కేస్ మామూలు ఇత్తడి. నికెల్ పూత జారుడుగా ఉండి తుప్పును తట్టుకుంటుంది, మసక వెలుతురులో ఛాంబర్‌లో (పేలడానికి తూటా కూర్చునే అరలో) తూటా ఉందా లేదా అని చూసుకోవడానికి వీలుగా మెరుస్తుంది; సాధనలో వీటి లేమి ఇబ్బంది పెట్టదు. కాల్చినప్పుడు గొట్టం మూతి దగ్గర కనిపించే మంట విషయం వేరు. రక్షణ తూటాల్లో తరచుగా మంటను తగ్గించే మందు వాడతారు, చవకైన సాధన తూటాలకు ఆ అవసరం ఉండదు. కాబట్టి చీకటి రేంజ్‌లో సాధన తూటా మూతి దగ్గర ఎంత మంట చూపించినా, రాత్రి పూట మీ రక్షణ తూటా కూడా అంతే కళ్ళు జిగేలుమనిపిస్తుందని అనుకోనక్కర్లేదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే అసలు తూటానే చీకట్లో ఒకటి రెండు కాల్చి చూడాలి.

స్పియర్ జోడీ దొరకనప్పుడు ఫెడరల్ వారిది అంతే బాగా కుదురుతుంది. హెచ్‌ఎస్‌టీ 147 గ్రెయిన్ల హాలో పాయింట్ వేగం 1000 అడుగులు, అమెరికన్ ఈగిల్ 147 గ్రెయిన్ల సాధన తూటా వేగమూ 1000 అడుగులే. ఈ సాధన తూటా ముక్కు గుండ్రంగా కాక చదునుగా ఉంటుంది, అందువల్ల ఫీడ్ ర్యాంప్ (మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి తూటా ఎక్కే వాలు) ఎక్కేటప్పుడు హాలో పాయింట్‌కు కొంత దగ్గరగా ప్రవర్తిస్తుంది. అదే కంపెనీ సింటెక్ ట్రైనింగ్ మ్యాచ్ పేరుతో పాలిమర్ పూత వేసిన గుండును కూడా రక్షణ తూటాలకు జోడీగానే అమ్ముతోంది. వించెస్టర్ అయితే ట్రెయిన్ అండ్ డిఫెండ్ అని పేరులోనే జోడీ పెట్టేసింది, 9 ఎం.ఎం.లో రెండు పెట్టెలూ 147 గ్రెయిన్లు, 950 అడుగులు. కుదుపు తక్కువగా ఉండాలనుకునే కొత్తవారికి అది సౌకర్యంగా ఉంటుంది. నా దృష్టిలో కంపెనీ పేరు కంటే బరువు, వేగం ముఖ్యం. ఫెడరల్ సాధన తూటాతో స్పియర్ రక్షణ తూటాకు సాధన చేస్తే కొంప మునగదు.

ప్లస్ పి తూటా మ్యాగజైన్‌లో ఉంచుకునేవారికి పని కాస్త కష్టమవుతుంది. 9 ఎం.ఎం.కు మామూలు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌన్లు, ప్లస్ పికి 38,500 పౌన్లు. ఈ ఎక్కువ పీడనంలో చవకైన సాధన తూటాలు దొరకడం అరుదు. దగ్గరగా వచ్చేది వించెస్టర్ నాటో తూటా: 124 గ్రెయిన్లు, 1140 అడుగులు, పవర్ ఫ్యాక్టర్ 141. గోల్డ్ డాట్ ప్లస్ పికి ఇది ఇంకా పది అంకెల దూరంలో ఉంటుంది, కానీ మామూలు పీడనపు గోల్డ్ డాట్ 124 గ్రెయిన్ల తూటాకు, అంటే 1150 అడుగుల రకానికి, దాదాపుగా సరిపోతుంది. అందుకే ప్లస్ పి తప్పనిసరి అని పట్టుపట్టేవారికి నేను చెప్పేది, సాధన చేయలేని తూటాను నింపుకోవడం కంటే సాధన చేయగలిగిన మామూలు పీడనపు తూటాకు మారడం మేలని. మీ పిస్టల్ ప్లస్ పిని తట్టుకుంటుందో లేదో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోవడం ఎలాగూ తప్పదు.

పెట్టె మీది వేగాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఈ ఎంపికలో అందరూ దాటేసే ప్రశ్న. పైన చెప్పిన 9 ఎం.ఎం. అంకెలు సాధారణంగా నాలుగు అంగుళాల పరీక్షా బ్యారెల్ నుంచి తీసినవి. మీ పిస్టల్ బ్యారెల్ మూడు అంగుళాలైతే వేగం తగ్గుతుంది, రెండు తూటాల్లో మందు వేరు కాబట్టి రెండింటికీ ఒకే మేర తగ్గాలని లేదు. రివాల్వర్‌లో ఈ తేడా మరింత ముదురుతుంది. రివాల్వర్ తూటా రకమైన 38 స్పెషల్‌లో గోల్డ్ డాట్ షార్ట్ బ్యారెల్ 135 గ్రెయిన్ల ప్లస్ పి వేగం 860 అడుగులు, అమెరికన్ ఈగిల్ 130 గ్రెయిన్ల సాధన తూటా వేగం 890 అడుగులు. లెక్కిస్తే రెండింటికీ 116 వస్తుంది, అచ్చం కవలల్లా కనిపిస్తాయి. అయితే మొదటి అంకె పొట్టి బ్యారెల్‌లో కొలిచినది, రెండోది పొడవైన బ్యారెల్‌లో కొలిచినది. రెండు అంగుళాల రివాల్వర్‌లో కాల్చినప్పుడు సాధన తూటా స్పష్టంగా మెత్తగా అనిపించడానికి కారణం అదే. స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే రెండింటినీ మీ తుపాకీలోనే కొలిపించుకోండి.

ఎంత మంచి జోడీ అయినా చేయలేని పని ఒకటుంది. లామన్ వెయ్యి తూటాలు ఆగకుండా పేలినంత మాత్రాన గోల్డ్ డాట్ మీ పిస్టల్‌లో ఆగకుండా పేలుతుందని చెప్పలేము. హాలో పాయింట్ వెడల్పాటి నోరు ఫీడ్ ర్యాంప్‌కు తగులుకోవచ్చు, నిండు మ్యాగజైన్‌లో మొదటి తూటా, చివరి తూటా దగ్గర స్ప్రింగ్ బలం తేడా వల్ల ఇబ్బంది రావచ్చు. ఈ రక్షణ తూటాలు ఊరికే పుట్టినవి కావు. 1986 ఏప్రిల్‌లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తెచ్చిన పరీక్షలో, శరీర కండరానికి బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతు వరకు వెళ్ళి ఆగేలా రూపొందినవి. సాధన తూటాకు ఆ పరీక్షతో పనిలేదు, అందుకే దాన్ని రక్షణకు నింపుకోవడం తప్పు. వ్యాకోచించని గుండు అవతలికి దూసుకుపోయి వెనకున్నవారికి తగలవచ్చు. రక్షణ తూటాలు కనీసం కొన్ని పెట్టెలు, మీరు రోజూ వాడే అవే మ్యాగజైన్లతో, కాల్చి చూసిన తర్వాతే వాటిని నమ్మాలి.

ఒక చిన్న జాగ్రత్త. రేంజ్‌కు వెళ్ళిన ప్రతిసారీ రక్షణ తూటాను ఛాంబర్ నుంచి తీసి, సాధన ముగిశాక మళ్ళీ అదే తూటాను ఎక్కిస్తూ ఉంటే గుండు కొద్దికొద్దిగా కేస్ లోపలికి దిగుతుంది, దానివల్ల పేలినప్పుడు పీడనం పెరుగుతుంది. అలా తీసిన తూటాను కొత్త తూటా పక్కన బల్ల మీద నిలబెట్టి చూస్తే, పొట్టిగా అయినది కంటికే తెలుస్తుంది. అలాంటిదాన్ని కాల్చకుండా పక్కన పెట్టాలి. పొట్టిగా కాకపోయినా పదే పదే ఎక్కించిన తూటాలను ఎక్కువకాలం ఉంచుకోకుండా, లామన్ పెట్టె అయిపోయాక ఆఖరి మ్యాగజైన్‌గా వాటిని కాల్చేసి, కొత్తవి నింపుకుని ఇంటికి వెళ్ళడం మంచిది. ఆ ఒక్క మ్యాగజైన్‌లోనే రెండు తూటాల కుదుపు నిజంగా కలిసిందో లేదో మీ చేతికే తెలిసిపోతుంది.