2,80,000 కిలోమీటర్లు తిరిగిన పికప్‌లో హనుమకొండ నుంచి పచ్‌మఢీ దాకా

పన్నెండేళ్లు దాటిన డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్ దూర ప్రయాణానికి ఎంతవరకు పనికివస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇంత వయసొచ్చిన బండి గుణాన్ని తయారుచేసినవారి కంటే నడిపినవారు, మరమ్మతు చేసినవారే ఎక్కువగా నిర్ణయిస్తారు. ఇది ఏళ్ల తరబడి ఎనుమాముల మార్కెట్‌కు మిరప బస్తాలు మోసిన బండి. ఎంత కడిగినా డాలా దించితే ఇప్పటికీ ముక్కుకు ఘాటు తగులుతుంది. దీనిలో కరీంనగర్, మంచిర్యాల, చంద్రాపూర్, నాగపూర్, ఛింద్వాడా మీదుగా సాత్పురా కొండల్లోని పచ్‌మఢీకి కుటుంబంతో వెళ్లి వచ్చాము.

ముందుగా కూర్చునేవారి సుఖం సంగతి. వెనుక ఇరుసు మీది కమాను పట్టీలు టన్ను బరువును దృష్టిలో పెట్టుకొని వేసినవి కాబట్టి, ఖాళీగా నడిపితే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. బియ్యం, నీళ్ల డబ్బాలు, గ్యాస్ పొయ్యి, పరుపులు కలిపి రెండు వందల కిలోలకు పైగా సామాను క్యాబిన్‌కు ఆనించి సర్ది, టార్పాలిన్ బిగించి కట్టిన తరువాత కుదుపు చాలావరకు తగ్గింది. అయినా వెనుక సీటు వీపు నిటారుగా ఉండడం వల్ల, రామగుండం దాటకముందే మా అత్తమ్మ ముందు సీటుకు మారారు, తిరిగి ఇల్లు చేరేదాకా అక్కడే కూర్చున్నారు. నడుము నొప్పి ఉన్న పెద్దలను వెనుక కూర్చోబెట్టే ఆలోచన ఉంటే ఈ తరహా బండి వద్దనే చెబుతాను.

ఇంజన్ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. గంటకు 70 కిలోమీటర్ల దగ్గర అది నెమ్మదిగా, నిలకడగా సాగుతుంది. అంతకు మించితే క్యాబిన్‌లో మాటలు వినబడవు. నాలుగు వరుసల రహదారిపై సరుకు వాహనాలకు గరిష్ఠ వేగం ఎలాగూ 80 కాబట్టి దీన్ని పెద్ద లోపంగా లెక్కించను. లీటరుకు పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూ వచ్చింది. ఇందులో ఇంజన్‌కు డీజిల్ అందించేది పాత పద్ధతి మెకానికల్ పంపు. కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజన్‌లా స్కానర్ పెట్టి చూడాల్సిన అవసరం లేకుండా, దారిలో ఏ చిన్న ఊరి డీజిల్ మెకానిక్ అయినా విప్పి చూడగలడన్న ధైర్యమే పాత బండికి అసలు బలం.

అసలు పరీక్ష ఛింద్వాడా దాటిన తరువాత తామియా ఘాట్‌లో మొదలవుతుంది. పచ్‌మఢీ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంది. ఎండవేళ, సామానుతో, రెండో గేరులో అదే పనిగా ఎక్కుతున్నప్పుడు పాత రేడియేటర్ శక్తి ఎంతో బయటపడుతుంది. ఉష్ణోగ్రత ముల్లు సగం దాటగానే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, అద్దాలు దించుకుని నడిపాము. లోపల ఉడికిపోయిన మాట నిజమే కానీ, ఇంజన్ వేడిలో కొంత హీటరు గుండా బయటికి పోయి ముల్లు మళ్లీ దిగింది. అప్పటికీ దిగకపోతే బండి పక్కకు ఆపి, పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. లోపల ఒత్తిడితో ఉన్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖం కాలుతుంది.

దిగేటప్పుడు బ్రేకులకు పని ఎక్కువ. ఎక్కిన గేరులోనే దిగుతూ వేగాన్ని ఇంజన్‌తోనే ఆపాలి, లేదంటే వేడెక్కిన బ్రేకులు పట్టు విడుస్తాయి. బ్రేక్ ఆయిల్ కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దానితో అది మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. అందుకే డబ్బాలో మట్టం సరిగానే ఉన్నా బయలుదేరే ముందే మొత్తం మార్పించాను. ఆటోనగర్‌లో రేడియేటర్ కడిగించడం, రబ్బరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు, వీల్ బేరింగుల గ్రీజు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, అన్నీ కలిపి డీజిల్ ఖర్చును మించిపోయాయి. దండగ అనిపించలేదు. టైర్లకు అరుగుదల ఒక్కటే చూస్తే చాలదు. పక్క గోడ మీది నాలుగంకెల ముద్రలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి, స్టెప్నీకి కూడా అది చూడాలి. రామగుండం నుంచి చంద్రాపూర్ దాకా బొగ్గు టిప్పర్ల దుమ్ము విపరీతం కనుక నాగపూర్‌లో ఎయిర్ ఫిల్టర్ దులిపించాము.

కాగితాల విషయంలో పసుపు నెంబరు ప్లేటు ఉన్నవారికి ఒక మాట. స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కరలేదు. ఫిట్‌నెస్, బీమా, పొల్యూషన్ పత్రాలు మాత్రం ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. టోల్ కారు కంటే ఎక్కువ పడుతుంది. క్యాబిన్‌లో ఆర్‌సీలో రాసినంత మందే కూర్చోవాలి, పిల్లలు ఎంత మారాం చేసినా వెనుక తొట్టిలో ఎక్కించకూడదు.

ఇలాంటి బండి కొనాలనుకునేవారు తెల్లవారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయించాలి. వేడెక్కాక కూడా నీలి పొగ ఆగకపోయినా, ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసమని వచ్చినా బేరం మానుకోవడం మేలు. ఆపైన కింద పడుకుని, కమాన్లు ఛాసిస్‌కు కలిసే చోట వెల్డింగు అతుకులు చూడండి. మార్కెట్ బండికి అధిక బరువు దెబ్బ ముందు తగిలేది అక్కడే. పైన ఎంత కొత్త రంగు వేసినా అది దాగదు.