పట్టేసిన సస్పెన్షన్ బోల్టుకు మంట లేని వేడి: ఇండక్షన్ హీటర్ చాలాకాలం వాడాక నా మాట

తుప్పుపట్టిన నట్టు చుట్టూ కాయిల్, అంటే రాగి తీగ చుట్ట, తొడిగి స్విచ్ నొక్కితే, మంటన్నది లేకుండా ఆ నట్టు ఒక్కటే ఎర్రబడుతుంది. పక్కనున్న రబ్బరు కమలదు, బ్రేక్ పైపు మీద పెయింటు కూడా పొంగదు. ఇండక్షన్ హీటర్ అనే ఈ మెషీన్ కొని చాలాకాలమైంది, అయినా అది చూసినప్పుడల్లా నాకు సంబరమే. దీనికి వంద ఫీచర్లు ఉండొచ్చు, నేను డబ్బు పెట్టింది మాత్రం ఈ ఒక్కదానికే. వాట్లెన్ని, పెట్టెలో ఏమేం వస్తాయి అన్నవి ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

మా కారు 2002 మోడల్ మారుతి జెన్. నాన్న కొన్న బండి. ఉండేది విశాఖలో, లాసన్స్ బే కాలనీలో. సముద్రపు గాలి నేరుగా తగిలే చోటు. ఇక్కడ పాత కార్లు పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి, జాకీ మీద ఎత్తి కిందికి దూరితే తెలుస్తుంది అసలు సంగతి. కవరు కప్పి ఉంచితే మేలనుకుంటారు గానీ, కవరు కింద తేమ నిలిచి తుప్పు ఇంకా పెరుగుతుంది. పైగా 2022 ఏప్రిల్‌లో పెంచినప్పుడు పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 రూపాయలైంది. అంత కట్టి బండి ఉంచుకున్నాక కింద టకటక చప్పుళ్లతో తిరగడం నాకు ఇష్టం లేదు. బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), కుదుపులు ఆపే షాక్‌లు మార్చాలి. మార్చాలంటే ముందు పాత బోల్టులు రావాలి.

అక్కడే ఉంది కష్టమంతా. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరకూ బోల్టు మరకూ (థ్రెడ్లకు) మధ్య వెంట్రుకంత సందు కూడా మిగలదు. ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసినా అది పైపైనే ఉండిపోతుంది. పానాకు పైపు తొడిగి బలం పెడితే నట్టు మూలలు అరిగిపోవడమో, బోల్టు తల తెగి చేతిలోకి రావడమో. వేడి చేసే పని వేరు. 12 మిల్లీమీటర్ల నట్టు 300 డిగ్రీలు వేడెక్కితే లోపలి రంధ్రం పెరిగేది మిల్లీమీటరులో నూరోవంతులు నాలుగు. చూడ్డానికి అది ఏమీ కాదు, కానీ తుప్పు పొర పగలడానికి ఆ మాత్రం చాలు. పగిలిన చోటి నుంచే ఆయిల్ లోపలికి పోతుంది.

ఇదంతా ఏ షెడ్‌లోనైనా గ్యాస్ మంటతో చేస్తారు కదా అంటారు. చేస్తారు. మెషీన్ కొనక ముందు ఒక షెడ్‌లో మా ముందు షాక్ బోల్టులకు గ్యాసే పెట్టారు. బోల్టు వచ్చింది. దాంతోపాటు పక్కనున్న బాల్ జాయింట్ (చక్రం దగ్గరి గుండ్రటి కీలు) రబ్బరు బూటు కరిగి, లోపలి గ్రీజు బయటికి కారింది. కొత్త బాల్ జాయింట్ ఖర్చు నా మీదే పడింది. మంట నట్టు దగ్గరే ఆగదు, దాని వెనక ఏముందో చూసుకోదు. ఆ కోపమే నాచేత ఈ మెషీన్ కొనిపించింది. పదివేలు దాటింది. బ్రేక్ డౌన్ అయితే ఎవరు చూస్తారన్న టెన్షన్ ఉన్నా కొన్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. వెనక ఇరుసును బండికి పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్మ్ ముందువైపు బోల్టు. బండి కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. ఒక పక్క బ్రేక్ పైపు, ఇంకో పక్క హ్యాండ్‌బ్రేక్ కేబుల్, దగ్గర్లోనే పెట్రోలు ట్యాంకు. ఇక్కడ గ్యాస్ మంట పెట్టనివ్వనని గట్టిగా అనుకున్నాను. గాజువాక ఆటోనగర్‌లో పనిచేసి మానేసిన ఒక పెద్ద మేస్త్రీ మా వీధిలోనే ఉంటారు. ఆయన్ని రమ్మన్నాను. మెషీన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిదే బాబూ. ఇంట్లో కొవ్వొత్తి ఉందా?" అని అడిగారు. కరెంటు ఉంది కదా మేస్త్రీ గారూ అన్నాను. "వెలిగించడానికి కాదులే, పట్రా" అన్నారు.

వైరు బ్రష్‌తో నట్టు గీకి, ఆరు మూలల సాకెట్ సరిగ్గా కూర్చుంటుందో లేదో ముందే చూసుకున్నాం. కాయిల్ తొడిగి నొక్కితే ముందు సన్నగా గుయ్‌మన్న చప్పుడు, తర్వాత నట్టు మీది పాత ఆయిల్ పొగ, అర నిమిషం అటూ ఇటూగా అంచులు మసకగా ఎర్రబారడం. "చాలు, ఆపు" అన్నారు. వెంటనే పానా వేయనివ్వలేదు. ఎరుపు పోయి నట్టు మళ్లీ నల్లబడేదాకా ఆగి, కొవ్వొత్తి కొనను నట్టుకూ బోల్టుకూ మధ్య గీత మీద ఆనించారు. మైనం కరిగి బొట్టుబొట్టుగా కిందికి కారుతుందనుకున్నాను. కారలేదు. ఆ గీతలోంచి లోపలికే పోయింది. ఆనించినకొద్దీ పోతూనే ఉంది. కాసేపటికి బోల్టు అవతలి వైపు మర మీద తడి మెరుపు కనిపించింది. నట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి మైనం పాకిపోయిందన్నమాట. అన్నేళ్లుగా ఏ ఆయిలూ వెళ్లని దారి అది.

అప్పుడు కూడా నేరుగా విప్పలేదు. ముందు బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం, మళ్లీ బిగించే వైపు. ఒకసారి టక్‌మంది. ఆ చప్పుడు విన్నాక చేతికి బరువు తెలియలేదు, నట్టు తిరుగుతూ వచ్చేసింది. మర మీద ఒక్క గీత కూడా చెడలేదు. అప్పటి నుంచి నేను వేడి చేసిన ఏ నట్టునూ మైనం పట్టించకుండా విప్పలేదు. నట్టు ఎర్రగా ఉండగా మాత్రం పెట్టకండి, మైనానికి మంట అంటుకుంటుంది. ట్యాంకు పక్కన మంట వద్దనే కదా ఈ తంటా అంతా.

ఇక్కడ ఆపేస్తే ఇది మంచి రివ్యూ అవుతుంది కానీ పూర్తి రివ్యూ కాదు. నట్టు ఊడాక మేస్త్రీ గారు బోల్టు తలకు పానా వేసి కొంచెం తిప్పి వదిలారు. అది స్ప్రింగులా వెనక్కి వచ్చేసింది. "నట్టు వచ్చిందని సంబరపడకు బాబూ, అసలుది లోపలుంది" అన్నారు. బుష్‌లో రబ్బరు మధ్య ఒక ఇనుప గొట్టం ఉంటుంది, స్లీవ్ అంటారు. బోల్టు దానిలోంచి పోతుంది. మర పట్టేయడం సగం జబ్బే, బోల్టు నడుము ఆ స్లీవ్‌కు అతుక్కుపోవడం మిగతా సగం. తిప్పితే బోల్టు, స్లీవ్ కలిసి తిరుగుతాయి, రబ్బరు మెలిపడి మళ్లీ లాగేస్తుంది. స్లీవ్ చుట్టూ రబ్బరు, దాని చుట్టూ ఇంకో ఇనుప రింగు. కాయిల్‌కు స్లీవ్ అందదు. తల మీద పెట్టి వేడి చేస్తే తల ఎర్రబడుతుంది కానీ లోపలికి వేడి చేరేలోపు రబ్బరు కాలిన వాసన మొదలవుతుంది.

అలాంటి చోట నా ముద్దుల మెషీన్ పక్కన పెట్టాల్సిందే. బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య ఉన్న సందులో రంపం బ్లేడు దూర్చి, రెండు వైపులా బోల్టును కోసేశాం. ఆర్మ్ కిందికి దిగింది. పాత బుష్ ఊడదీసి కొత్తది ఎక్కించడం లేత్ షాపులో ప్రెస్ మీద అయింది. బుష్ ఎలాగూ మార్చేదే కాబట్టి బాధ లేదు. కానీ "ఈ మెషీన్ ఉంటే ఏ బోల్టైనా వస్తుంది" అని కొన్న కొత్తలో నా స్నేహితులకు చెప్పిన మాటను ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను. దీనితో వచ్చేది నట్టు, మర. స్లీవ్‌లో ఇరుక్కున్న బోల్టుకు కోత తప్పదు.

ఇంకో సంగతి. సస్పెన్షన్ బోల్టులు మామూలు ఇనుము కాదు. తల మీద బలం ఎంతో చెప్పే 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. వాటిని గట్టిపరిచాక 425 డిగ్రీలకు తగ్గకుండా టెంపర్ చేస్తారు, అంటే పెళుసుతనం పోవడానికి మళ్లీ వేడి చేస్తారు. కంటికి ఎరుపు కనిపించిందంటే ఆ వేడి దాటిపోయినట్టే, ఆ బోల్టు బలాన్ని ఇక నమ్మకూడదు. అందుకే ఎర్రబడిన బోల్టు, నట్టు ఎంత బాగా కనిపించినా పారేసి కొత్తవి వేస్తాను. మనుషులు కూర్చునే బండి, అక్కడ పొదుపు పనికిరాదు. అలాగే గ్యాస్ నింపిన షాక్ బాడీని, మళ్లీ వాడాల్సిన బాల్ జాయింట్‌ను ఇండక్షన్‌తో కూడా వేడి చేయను.

కాయిల్స్ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. కాయిల్ మీది తెల్లటి తొడుగు ఎర్రటి నట్టుకు తగిలితే నల్లబడి రాలిపోతుంది. రాగి బయటపడి ఇనుముకు తగిలిందంటే మెషీన్ ఆగిపోయి లైటు మిణుకుమిణుకుమంటుంది. నా 12 మిల్లీమీటర్ల కాయిల్ అలాగే పోయింది. విడిగా ఇంకొకటి పంపమంటే అమ్మినవాళ్లు వారాల తరబడి తిప్పారు. ఇప్పుడు కాయిల్‌ను నట్టుకు ఆనించకుండా చుట్టూ సమానంగా ఖాళీ ఉంచి పట్టుకుంటాను, ఎక్కువకాలం వస్తోంది. చోటు లేని బోల్టులకు తాడులా చుట్టే కాయిల్ కూడా ఇస్తారు. దానికి ఓపిక కావాలి, వేడి కూడా నెమ్మదిగా ఎక్కుతుంది. ఇంకా ఇరుకైన చోట్ల అదీ దూరదు.

ఇంట్లో ఇన్వర్టర్ మీద దీన్ని నడపను, పని మొదలుపెట్టాక కరెంటు పోతే ఆపి కూర్చోవడమే. వేలి ఉంగరం, చేతి కడియం తీసేయాలి, అవీ ఇనుప నట్టులాగే వేడెక్కగలవు. మా మామయ్యకు పేస్‌మేకర్ ఉంది. మాన్యువల్‌లో హెచ్చరిక స్పష్టంగా రాసి ఉంది, ఆయన మా ఇంటికి వచ్చి ఉన్న రోజుల్లో మెషీన్ పెట్టె తెరవను.

మళ్లీ మెషీన్ అవసరం ఎంతవరకు పడుతుందన్నది కొత్త బోల్టు వేసేటప్పుడు చేసే పనిని బట్టే ఉంటుంది. నేను బోల్టు నడుముకు, అంటే స్లీవ్‌లో ఉండే భాగానికి, కాపర్ గ్రీజు పల్చగా పూస్తాను. మరకు పూయను, పూస్తే అదే టార్క్‌కు, అంటే అంతే తిప్పే బలానికి, బోల్టు ఎక్కువ లాగబడుతుంది. చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. ఇలా బిగించిన ఒక షాక్ కింది బోల్టును రెండు వానాకాలాల తర్వాత విప్పి చూశాను, మామూలు పానాకే వచ్చింది.

కొనాలా అంటే, నా పరిస్థితి చెప్పి ఊరుకోవడమే నయం. నేను ఉండేది సముద్రం పక్కన, సొంత ఇల్లు, కింద పని చేసుకునే చోటు ఉంది, అమ్మే ఉద్దేశం లేని పాత కారు ఉంది. నాకు ఇది డబ్బుకు తగిన వస్తువు. ఇదే మెషీన్ అనంతపురంలో ఉన్న మా బావమరిది అడిగితే వద్దన్నాను. అక్కడి పొడి గాలికి ఆయన కారు బోల్టులు ఆయిల్‌కు, పొడుగు రాడ్డుకు వచ్చేస్తున్నాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏడాదికోసారి పని చేసేవాళ్లు కూడా ముందు ఒక మంచి ఆరు మూలల సాకెట్ సెట్టు, వైరు బ్రష్, కొవ్వొత్తితో మొదలుపెట్టొచ్చు. మైనం కరిగే వేడి హాట్ ఎయిర్ గన్‌తోనూ వస్తుంది, చిన్న నట్టులకు అది సరిపోవచ్చు. కొనాలనే అనుకుంటే, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో, ఆ మోడల్‌కు కాయిల్స్ విడిగా ఇప్పటికీ దొరుకుతున్నాయని రూఢి చేసుకున్నాకే డబ్బు ఇవ్వండి.